చర్చ: శని, ఆదివారాల్లో కోరింగ మడ అడవికి ఇంతమందే రావాలని గిరి గీయాలా?

గౌతమి ఎక్కినవాడు (ఆదివారం, రాత్రి 9:40)

శుక్రవారం రాత్రి లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, శనివారం కాకినాడలో దిగి, ఈ ఉదయం పదిన్నరకు కోరింగ అభయారణ్యానికి చేరుకున్నాము. ఇప్పుడు తిరుగు బండిలో పై బెర్తు మీద పడుకుని ఇది రాస్తున్నాను.

మా చిన్నవాడికి ఎనిమిదేళ్లు. బావురుపిల్లి నీళ్లలోకి దూకి చేపను పట్టే బొమ్మ నెల రోజులుగా గీస్తున్నాడు. వాడి కోసమే ఈ ప్రయాణం. తీరా వెళితే చెక్కల వంతెన మీద మాకు కనిపించినవి మనుషుల వీపులు. ముందు కార్తిక వనభోజనాల బృందం, వెనక కళాశాల విద్యార్థులు, మధ్యలో ఎవరి చేతిలోనో స్పీకరు, అందులో పాట. ఒక కుర్రాడు మొక్కజొన్న పొత్తు తిని కండెను నీళ్లలోకి విసిరాడు. అది చెట్ల మొదళ్ల మధ్య తేలుతూ పోతుంటే మావాడు నా చొక్కా లాగి, "నాన్నా, అది నీటికుక్కా?" అని అడిగాడు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నా ప్రశ్న ఒక్కటే. వారాంతాల్లో ఈ అడవిలోకి రోజుకు ఇంతమందే అని లెక్క పెట్టి, ముందుగా పేరు నమోదు చేసుకున్నవారినే ఎందుకు పంపకూడదు? కష్టపడి అంత దూరం వచ్చిన వాళ్లకు కనీసం ఒక లకుముకి పిట్టయినా కనబడాలి కదా.

జగన్నాథపురం (ఆదివారం, రాత్రి 10:15)

అయ్యా, మీరు కూడా ఆ జనంలో ఒకరే. మీ ముందు నడిచినవారికి మీ వీపు కనబడలేదు, అంతే తేడా.

యానాం రోడ్డు మీద మా చిన్నాన్నకు కొబ్బరిబొండాల బండి ఉంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఆయన ఈగలు తోలుకుంటారు. శని, ఆదివారాలు రెండు రోజులు అమ్మితే ఆ వారం ఇల్లు గడుస్తుంది. ఆటో నడిపేవారూ, పడవ మీద పనిచేసేవారూ, చేపల వేపుడు అమ్మే ఆడవాళ్లూ అందరి సంగతీ ఇదే. మీరు గిరి గీయమంటున్నది వాళ్ల అన్నం చుట్టూ. ముందుగా నమోదు అంటే ఎవరికి దొరుకుతుందో కూడా చెప్పమంటారా? హైదరాబాదులో కంప్యూటర్ ముందు కూర్చున్న మీకు దొరుకుతుంది. పిల్లలను స్కూటరు మీద ఎక్కించుకుని కరప నుంచి వచ్చే వాళ్లకు దొరకదు.

లకుముకి (ఆదివారం, రాత్రి 11:02)

పిట్ట పేరు ఎత్తారు కాబట్టి పలకక తప్పదు. ఇరవై ఏళ్లుగా విశాఖ నుంచి ఈ అడవికి వస్తున్నాను.

గౌతమి ఎక్కినవాడు గారూ, ముందుగా మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి. బావురుపిల్లి రాత్రి తిరిగే జంతువు. పగలు పదిన్నరకు వంతెన మీద మీరు ఒక్కరే ఉన్నా అది కనబడదు. నేను ఇన్నేళ్లలో చూసింది రెండుసార్లు, బురదలో దాని అడుగులు చూసింది మాత్రం చాలాసార్లు. కాబట్టి ఆ నేరం జనం మీద వేయకండి.

రెండో మాట. కండె "తేలుతూ పోయింది" అన్నారు. అంటే మీరు వెళ్లింది పోటు సమయంలో. మడ అడవిలో చూడవలసినది నీరు దిగిన తరువాత బయటపడుతుంది. పాటు వేళకు, అంటే నీరు వెనక్కి తీసే వేళకు వెళితే నల్లటి బురద, అందులోంచి మేకుల్లా పైకి పొడుచుకు వచ్చిన ఊపిరి వేర్లు, ఒక డెక్క పెద్దది, ఒకటి చిన్నది ఉన్న ఎర్రటి పీతలు, రొమ్ము రెక్కల మీద పాకుతూ గంతులు వేసే బురద చేపలు కనిపిస్తాయి. పిల్లలు ఒక్క చదరపు గజం దగ్గర అరగంట కూర్చుంటారు. పోటు ఎక్కిందంటే అదంతా నీటి కింద ఉంటుంది. అప్పుడు మిగిలేది పచ్చటి ఆకులు, మనుషుల వీపులు.

ఇక మీ పరిమితి గురించి. నేను దానికి అనుకూలమే, కానీ "రోజుకు ఇంతమంది" అన్న పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఆటుపోట్లు రోజురోజుకూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. వారానికి సుమారు ఆరు గంటల తేడా. ఈ ఆదివారం పదిన్నరకు నిండు పోటు అయితే, వచ్చే ఆదివారం అదే పదిన్నరకు ఇంచుమించు పాటు. మన గడియారం, మన సెలవులు దానికి పట్టవు. లెక్క పెడితే పాటు వేళకు పెట్టాలి: నీరు దిగి ఉన్న మూడు నాలుగు గంటల్లో వంతెన మీద ఒక్కసారికి ఇంతమంది అని. పోటు వేళకు ఎంతమంది నడిచినా చూసేదీ తక్కువే, చెడేదీ తక్కువే.

జగన్నాథపురం (ఆదివారం, రాత్రి 11:20)

ఇది బాగుంది. మంచి సమయమంతా దుర్భిణి ఉన్నవారికి, పచ్చటి ఆకులు మా వాళ్లకు.

లకుముకి (ఆదివారం, రాత్రి 11:31)

దుర్భిణి అడిగితే ఇస్తాను. కానీ వెటకారం వద్దు. పడవ షికారు సంగతి మీకే బాగా తెలుసు. పాయలో నీళ్లుంటేనే పడవ కదులుతుంది, అంటే పడవలన్నీ పోటు వేళవే. పడవ పోటుకు, నడక పాటుకు అని విడదీస్తే మీ చిన్నాన్న బండి దగ్గర జనం రోజంతా ఉంటారు. ఇప్పుడు పది నుంచి రెండు వరకు తోపులాట, తరువాత ఎవరూ లేరు.

పాత కాకినాడ (సోమవారం, ఉదయం 5:50)

నాకు తెల్లవారుజామునే మెలకువ వస్తుంది, అందుకే ఇంత పొద్దున్నే. వయసు డెబ్బై మూడు.

కోరింగకు జనం రావడం కొత్త సంగతి అన్నట్టు మాట్లాడుతున్నారు. పుష్య బహుళ అమావాస్యను మేము చొల్లంగి అమావాస్య అంటాము. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర, కోరింగ దారిలోని చొల్లంగిలో స్నానంతో మొదలై అంతర్వేదిలో ముగుస్తుంది. ఆ తెల్లవారుజామున చొల్లంగి దారిలో బండ్లు, నడిచేవాళ్లు, పసిపిల్లలను భుజాల మీద మోసేవాళ్లు ఎంతమందో నా చిన్నప్పుడే చూశాను. ఎవరూ లెక్క పెట్టలేదు.

ఇంకా వెనక్కి వెళ్లండి. కోరింగ ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. అక్కడి నుంచి మనవాళ్లు బర్మాకు ఎంతగా వలస వెళ్లారంటే, రంగూనులో తెలుగువాళ్లను మొత్తంగా కోరంగీలు అనేవారు. 1789 డిసెంబరు ఉప్పెన ఒకసారి ముంచింది. 1839 నవంబరు తుపాను తరువాత ఆ రేవు మళ్లీ లేవలేదు. తుపానును ఇంగ్లీషువాళ్లు సైక్లోన్ అంటున్నారే, ఆ మాటను వాడుకలో పెట్టిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో కూర్చుని మన 1789 కోరింగ ఉప్పెన గురించి రాశాడు. ఈ ముక్క మనవడికి చెబితే "అయితే తాతయ్యా, మనకు రాయల్టీ రావాలి" అన్నాడు.

1996 నవంబరు 6 రాత్రి నాకు ఇంకా కళ్లకు కట్టినట్టు ఉంది. ఇంటి పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే మేము మంచాల కింద దూరాము. సముద్రం మీదకు వెళ్లిన వందల మంది మత్స్యకారులు తిరిగి రాలేదు. భైరవపాలెంలో ఏడుపు వినబడని ఇల్లు లేదని అప్పట్లో చెప్పుకున్నారు. మడ దట్టంగా ఉన్న వైపు నీటి దెబ్బ తగ్గిందని కూడా మావాళ్లు అన్నారు. అంతకుముందు నా వంటివాళ్లకు ఆ అడవి అంటే దోమలు, బురద, వంటచెరకు. ఆ తరువాతనే దాని వైపు తిరిగి చూశాము.

అందుకని నా ఉద్దేశం: జనం రానివ్వండి. చూడనివాడు కాపాడడు. అయితే స్పీకరు తెచ్చినవాడిని మాత్రం గేటు దగ్గరే ఆపండి. దానికి లెక్కలు అక్కరలేదు, ఒక బెత్తం చాలు. (బెత్తం మాట సరదాకు అన్నాను.)

సాలినాస్ తెలుగు (సోమవారం, ఉదయం 8:12)

బయటి దేశం సంగతి చెబితే కొందరికి కోపం వస్తుందని తెలుసు. అయినా చెబుతాను, ఎందుకంటే నేను ఉన్నది ఇలాంటి ఊరి పక్కనే.

కాలిఫోర్నియాలో మాంటెరే అనే తీరపు ఊరు మా ఇంటికి అరగంట దూరం. శనివారం వచ్చిందంటే సాన్ హోసే వైపు నుంచి కార్ల బారు. అందులో సగం మంది తెలుగువాళ్లేమో అనిపిస్తుంది, పులిహోర డబ్బాలు చూస్తే. అక్కడి ఆకర్షణ సముద్రపు నీటికుక్కలు. వెల్లకిలా తేలుతూ, పొట్ట మీద రాయి పెట్టుకుని నత్తగుల్లలు పగలగొట్టుకుని తింటాయి. బొచ్చు కోసం వేటాడి వాటిని దాదాపు తుడిచిపెట్టేశారు. ఇక లేవు అనుకుంటుండగా 1938లో కొంచెం దక్షిణాన బిగ్ సర్ తీరంలో యాభై దాకా కనబడ్డాయి. ఇప్పుడున్న మూడు వేల చిల్లర ఆ యాభై సంతానమే. వాటికి అరవై అడుగుల దూరంలో ఉండాలని పడవవాళ్లకూ, మాకూ చెబుతారు.

పక్కనే పాయింట్ లోబోస్ అనే రక్షిత ప్రాంతం ఉంది. అక్కడ మనుషులను లెక్కపెట్టరు. లోపల కార్లు నిలిపే చోటు నిండితే, ఒకటి బయటికి వచ్చేదాకా ఇంకొకదాన్ని పోనివ్వరు. ఎవరినీ పేరు అడగరు. ముందు వచ్చినవారికి ముందు. మేము రెండుసార్లు గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాము, మూడోసారి ఉదయం ఎనిమిదింటికే వెళ్లాము. కోరింగలో కూడా నిలిపే చోటునే కొలతగా పెట్టుకోవచ్చు.

తాళ్లరేవు కుర్రాడు (సోమవారం, ఉదయం 9:05)

సాలినాస్ అన్నయ్యా, మీ ఊళ్లో కారు లేనివాడు ఆ గేటు దాకా రాగలడా? ఇక్కడ బస్సు దిగి వచ్చేవాళ్లే ఎక్కువ. కార్ల స్థలం నిండిందని బస్సులో వచ్చిన ముసలమ్మను ఆపుతారా?

నాకు ఈ చర్చ మొత్తం మీదనే విసుగు వస్తోంది. మాది మట్లపాలెం వైపు. మా తాత గాడేరు పాయ మీద వల వేశాడు, మా నాన్న మండపీతలు పట్టాడు, నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. 1978లో అభయారణ్యం అన్నారు, 235 చదరపు కిలోమీటర్లు. అప్పటి నుంచి మాకు అందులో పుల్ల విరిస్తే తప్పు, ఎండు తిల్ల చెట్టు కొమ్మ మోసుకు వస్తే తప్పు. ఊరివాళ్లకు గిరి గీసి నలభై ఏళ్లు దాటింది. ఇప్పుడు షికారుకు వచ్చేవారికి రోజుకు ఇన్ని టిక్కెట్లు అనగానే "అన్యాయం, పొట్టకొట్టడం" అంటున్నారు. నవ్వు రాదా?

అసలు దెబ్బ ఎక్కడి నుంచి తగులుతోందో ఎవరూ అనడం లేదు. వంతెన పక్కన పడే చిప్స్ పొట్లాలు వికారంగా ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ చుట్టూ రొయ్యల చెరువులు చూడండి. చెరువుల నీళ్లు పాయలోకి వదిలిన రోజు మా నాన్న వల ఎత్తి వాసన చూసి చెప్పేవాడు, ఈరోజు పీత లేదని. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ నరికారన్న గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అది శని, ఆదివారాల సందర్శకుల వల్ల జరిగిన పనా? మీరు వాకిట్లో చీపురు ఎవరు పట్టాలని కొట్లాడుకుంటున్నారు, వెనక గోడ కూలుతోంది.

గౌతమి ఎక్కినవాడు (సోమవారం, ఉదయం 10:30)

ఇల్లు చేరాను. ఇన్ని తిట్లు ఒక రాత్రిలో పడతాయనుకోలేదు. లకుముకి గారి పోటు, పాటు లెక్క చదివి మావాడికి చెప్పాను. "అయితే మనం తప్పు సమయానికి వెళ్లామా?" అన్నాడు. అవును.

తాళ్లరేవు కుర్రాడి మాటకు మాత్రం ఒక జవాబు. గోడ కూలుతోందని వాకిలి ఊడ్వడం మానేయము కదా. చెరువుల సంగతి పెద్దదే. దాని మీద నాకు అధికారం లేదు, చేయి లేదు. నేను నడిచిన వంతెన మీద నాకు బాధ్యత ఉంది. 1972 వన్యప్రాణి చట్టం 27వ సెక్షన్‌లోనే అభయారణ్యంలో జంతువులను విసిగించకూడదు, నేలను చెత్తతో పాడుచేయకూడదు అని ఉంది. 28వ సెక్షన్ ప్రకారం లోపలికి వెళ్లడానికి ఇచ్చే అనుమతుల్లో విహారం ఒకటి. అనుమతి అన్నాక ఎంతమందికి, ఎప్పుడు అన్న ప్రశ్న రాదా?

తాళ్లరేవు కుర్రాడు (సోమవారం, ఉదయం 10:52)

వస్తుంది. లెక్క పెట్టేవాళ్ల మధ్య మా ఊరివాడు కూర్చుంటాడా అన్న ప్రశ్న కూడా వస్తుంది. పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో చెప్పడానికి మా నాన్నకు పట్టిక అక్కరలేదు, తిథి చెబితే చాలు. పాడైన చోట మడ మళ్లీ పెంచినప్పుడు చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి పోటు నీరు లోపలిదాకా వెళ్లేలా చేశారు. ఆ కాలవలు తవ్విన చేతులు మా ఊళ్లవే. మొక్క నాటితే చాలదు, దానికి రోజూ ఉప్పునీరు వచ్చి పోవాలి. పని ఉన్నప్పుడు పిలిచినవారు నిర్ణయం దగ్గర కూడా పిలవాలి.

లకుముకి (సోమవారం, మధ్యాహ్నం 1:15)

ఈ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను.

నిన్న రాసినదానికి నేనే ఒక సవరణ చేసుకోవాలి. పాటు వేళ మనకు ఎంత మంచిదో పిట్టలకూ అంతే. శీతాకాలం ఉత్తరం నుంచి వచ్చే ఉల్లంకి జాతులు నీరు దిగిన బురదలోనే మేస్తాయి. కాకినాడ కుంభాభిషేకం రేవు దగ్గరి మేటల మీద నీటి పైపొరను కింది ముక్కుతో కోసుకుంటూ ఎగిరే పిట్ట ఉంది చూడండి, ఇంగ్లీషులో ఇండియన్ స్కిమ్మర్ అంటారు, కింది ముక్కు పైదానికంటే పొడవు. ప్రపంచంలో బాగా తగ్గిపోయిన జాతి అది. ఆ మేటల మీదికి ఫొటో కోసం నడిచి వెళ్లేవారు నాకు తెలుసు. వెళ్లేది జనం కాదు, మా వంటి కెమెరావాళ్లే. అడవిలో చెక్కల వంతెన ఉంది కాబట్టి మనుషులు ఒక గీత మీద ఉంటారు, పిట్టలకు ఆ గీత అలవాటవుతుంది. మేటల మీద గీత లేదు. కాబట్టి గిరి గీయడం మొదలుపెడితే మా నుంచే మొదలుపెట్టాలి. ఈ మాట మా పక్షుల బృందంలో అంటే ఇద్దరు మాట్లాడటం మానేశారు.

జగన్నాథపురం (సోమవారం, మధ్యాహ్నం 2:40)

లకుముకి గారూ, నిన్నటి వెటకారం వెనక్కి తీసుకుంటున్నాను. సగం.

అయితే ఇంకో సంగతి. జనవరి వస్తోంది, హోప్ ఐలాండ్ తాబేళ్ల సమయం. గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ ఇసుక దిబ్బలకు వస్తాయి. రాత్రి పూట పదేసి మందిని పడవలో తీసుకెళ్లి, దూరం నుంచి చూపించి తీసుకువస్తే ఏమవుతుంది? మనిషికి గట్టి ధర పెట్టవచ్చు. ఊరి కుర్రాళ్లకు పని. తక్కువ మంది, ఎక్కువ డబ్బు. మీరు అడుగుతున్న పరిమితి ఇదే కదా?

పాత కాకినాడ (సోమవారం, సాయంత్రం 4:05)

హోప్ ఐలాండ్ కాకినాడకు కాపలా. అది అడ్డం పడుకుంది కాబట్టి మన అఖాతంలో అలలు లేవు, ఓడలు నిలుస్తున్నాయి. రెండు వందల ఏళ్లలో గోదావరి ఇసుక తెచ్చి కట్టిన గోడ. దాని మీద రాత్రి షికార్లా?

లకుముకి (సోమవారం, సాయంత్రం 5:30)

జగన్నాథపురం గారూ, లెక్క బాగుంది, తాబేలుకు ఆ లెక్క తెలియదు. తల్లి తాబేలు నీళ్లలోంచి పైకి పాకుతున్నప్పుడు వెలుతురు, కదలిక కనబడితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది. ఒకసారికి వంద దాకా గుడ్లు. ఏడెనిమిది వారాలకు పిల్లలు బయటికి వచ్చి వెలుతురు ఎటు ఉంటే అటు పాకుతాయి. చీకటి రాత్రి వెలుతురు సముద్రం మీదే ఉండాలి. మీ పదిమందిలో ఒకడి ఫోను వెలిగిందా, అటే వస్తాయి. ఒడిశాలో రుషికుల్య, గహిర్‌మాత దగ్గర ఒకేసారి వేలకు వేలు ఒడ్డెక్కుతాయి. మన దగ్గర అలా కాదు, ఇక్కడొకటి అక్కడొకటి. అలా అరుదుగా వచ్చేదాన్ని బెదరగొడితే పోయేది ఎక్కువ.

వాటికి అసలు గండం ఎక్కడో మీకూ తెలుసు, జనవరి నుంచి మార్చి దాకా ఉప్పాడ ఒడ్డున చచ్చి పడే తాబేళ్లను చూసినవారే కదా. మరబోట్ల వలల్లో చిక్కుకుని ఊపిరాడక పోయినవి. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వల వేయరాదన్న నిబంధన కాగితం మీద ఉంది.

డబ్బు కావాలంటే పిల్లలను సముద్రంలోకి వదిలే తెల్లవారుజామును చూపించండి. సంరక్షణ కేంద్రంలో పొదిగిన పిల్లలను ఎలాగూ వదులుతారు. తాడు కట్టి, ఆ వెనక నిలబెట్టి, ఫోన్లు బుట్టలో వేయించి చూపించవచ్చు.

జగన్నాథపురం (సోమవారం, సాయంత్రం 6:10)

ఫోన్లు బుట్టలో వేయించుకుంటే ఎవరు వస్తారండి?

సాలినాస్ తెలుగు (సోమవారం, రాత్రి 8:45)

వచ్చేవారు వస్తారు. మాకు దక్షిణాన పియెడ్రాస్ బ్లాంకాస్ అనే చోట ఏనుగు సీళ్లు ఒడ్డున వేలల్లో పడుకుంటాయి. చెక్కల వంతెన మీద నిలబడి చూడాలి, కిందికి దిగకూడదు. టిక్కెట్టు లేదు, పరిమితి లేదు. నీలం కోట్లు వేసుకున్న స్వచ్ఛంద కార్యకర్తలు నిలబడి, అడిగినవారికీ అడగనివారికీ చెబుతూ ఉంటారు. మా అమ్మ ఇంగ్లీషు రాకపోయినా వాళ్లతో గంటసేపు మాట్లాడింది, ఎలా మాట్లాడిందో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పే మనిషి ఉంటే జనం అరవరు. కోరింగలో తాళ్లరేవు తమ్ముడి నాన్నగారి వంటివారు ఇద్దరు ముగ్గురు వంతెన మీద జీతానికి నిలబడితే చాలు, స్పీకరు దానంతట అదే ఆగుతుంది.

తాళ్లరేవు కుర్రాడు (సోమవారం, రాత్రి 9:20)

మా నాన్న ఒప్పుకోడు. "చేప గురించి చెప్పడానికి జీతమా, పట్టడానికి కదా" అంటాడు. కానీ మా అత్త ఒప్పుకుంటుంది. ఆమెకు తెల్లమడకూ నల్లమడకూ తేడా ఆకు చూడకుండా చెప్పడం వచ్చు. తిల్ల పాలు కంట్లో పడితే ఏమవుతుందో తన అన్న కథతో చెబుతుంది. ఆమె మాట్లాడటం మొదలుపెడితే స్పీకరు అవసరం ఉండదు.

నిర్వాహకుడు (సోమవారం, రాత్రి 9:45)

మధ్యలో ఒక వ్యాఖ్యను తొలగించాను. అందులో కులం పేరుతో దూషణ ఉంది. మిగతా చర్చ కొనసాగించండి.

ఉప్పాడ టీచరు (సోమవారం, రాత్రి 10:20)

మొదటి నుంచి చదువుతున్నాను, ఇంత వరకు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది.

పరిమితి పెట్టారనుకుందాం. పాటు వేళకే పెట్టారు, ఊరివాళ్లతో కలిసే పెట్టారు, గంటకు యాభై మంది అన్నారు. ఆ యాభైలో ఇక్కడి పిల్లలు ఉంటారా? నేను చెప్పే ఆరో తరగతిలో ముప్పై నాలుగు మంది. వారిలో కోరింగ చూసినవారు ఎంతమంది అని పోయిన నెల అడిగాను. నలుగురు చేతులెత్తారు. హైదరాబాదు నుంచి గౌతమిలో వచ్చి చూసి వెళ్లిన బాబు వారికంటే ముందున్నాడు. అతడి మీద కోపం లేదు, ఆ బావురుపిల్లి బొమ్మ నాకూ చూడాలని ఉంది. కానీ మా పిల్లల ఇళ్లకు ఉప్పాడ సముద్రం ఏటా కొంచెం కొంచెం దగ్గరికి వస్తోంది. ఒడ్డును పట్టుకునే చెట్టు ఎలా ఉంటుందో అందరికంటే ముందు చూడవలసినది వాళ్లు.

గౌతమి ఎక్కినవాడు (సోమవారం, రాత్రి 10:48)

టీచరు గారూ, బొమ్మ పంపుతాను. మీ ప్రశ్నకు నా దగ్గర తేలిక జవాబే ఉంది: వారపు రోజులు బడి పిల్లలకు వదిలేస్తే? సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉచితంగా, ముందు వాళ్లకే. శని, ఆదివారాలు మా వంటి వారికి లెక్కతో.

ఉప్పాడ టీచరు (సోమవారం, రాత్రి 11:03)

వారపు రోజుల్లో వారికి బడి ఉంటుందండి. విహారయాత్రకు అనుమతి కాగితం మీద ప్రధానోపాధ్యాయుల సంతకం, బస్సు అద్దె, మధ్యాహ్న భోజనం మోసుకెళ్లే ఏర్పాటు, ఇవన్నీ కుదిరి, ఆ రోజు పాటు కూడా పగటిపూట పడాలి. వాళ్లకు ఖాళీ దొరికేది ఆదివారమే.

లకుముకి (సోమవారం, రాత్రి 11:15)

వచ్చే ఆదివారం పాటు ఉదయం పది, పదకొండు మధ్య. బస్సు సంగతి మీరు చూడండి, ఆరు దుర్భిణులు నేను తెస్తాను.

జగన్నాథపురం (సోమవారం, రాత్రి 11:22)

ముప్పై నాలుగు బొండాలు మా చిన్నాన్న లెక్కలో. గౌతమి గారి పరిమితి అప్పటికి అమలులోకి రాకుండా ఉంటే.